చాడీబిళ్ళలు

నాకు అక్షరాలు వచ్చింది ఈ మధ్యనే. గుడిదీర్ఘం ఉండాల్సిన చోట ఉత్త గుడి, ఒత్తు ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తే కోప్పడకండి. ఒక్క వాక్యం పూర్తయ్యేలోగా పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, అంత నెమ్మది నా చెయ్యి. రాసేది మా వదిన గురించి. ఆవిడ బస్సులు కడిగేది. ఆ రోజు నేను పక్కన లేను. సాయంత్రం ఆవిడ చెప్పింది కొంత, తర్వాత డిపోవాళ్ళు చెప్పింది కొంత. రెండూ కలిస్తే నా కళ్ళముందు జరిగినట్టే ఉంటుంది.

పొద్దున్నే మొదటి జత మీద ఉంది వదిన. జత అంటే రెండు బస్సులు. పక్కపక్కన నిలబెట్టించి, ఒకదానికి సబ్బునీళ్ళు పట్టించి నాననిచ్చి, ఆలోగా రెండోదాన్ని తోమేది. అంట్లు తోమిన ఏ ఆడదానికీ ఎవరూ నేర్పక్కర్లేని పద్ధతి. డిపోలో మాత్రం అది ఆవిడతోనే మొదలైంది.

మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. నీళ్ళలో నాని నాని పాదాలు తెల్లబడి, ముడతలు తేలి, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉండేవి. డిపో ఇచ్చిన రబ్బరు బూట్లు రెండు సైజులు పెద్దవి. ముందు వైపు గుడ్డపీలికలు కుక్కి తొడుక్కునేది. నడిస్తే బాతు నడిచినట్టు చప్పుడు. అవి మార్పించుకోమంటే వినేది కాదు. "నేనొస్తున్నానని దూరం నుంచే తెలియాలే మరదలా. ఆ మగాళ్ళు కుళాయి దగ్గర చొక్కాలిప్పుకుని ఉంటారు. వాళ్ళకి లేని సిగ్గు నేను పడలేక చస్తున్నా" అనేది.

ముందు పైకప్పు, తర్వాత అద్దాలు, పక్కలు, చివరికి చక్రాలు. "మనిషికైనా బస్సుకైనా నెత్తినుంచే పోయాలి" అనేది ఆవిడ సిద్ధాంతం. అద్దాల దగ్గరే ఆలస్యమయ్యేది. తల ఆనించి నిద్రపోయినవాళ్ళ జిడ్డు అద్దం మీద గుండ్రంగా అంటుకుని ఉంటుంది. పెద్ద గుండ్రం కింద చిన్న గుండ్రం ఉంటే తల్లీపిల్లా అన్నమాట. రెండు పెద్ద గుండ్రాలు మరీ దగ్గరగా ఉంటే వదిన ముసిముసిగా నవ్వుకునేది. తుడిచే ముందు "లేవండి బాబూ, మీ స్టాపొచ్చింది" అని మెల్లగా చెప్పేది.

బస్సులకు నంబర్లున్నాయి కానీ, డిపోలో చెల్లింది వదిన పెట్టిన పేర్లే. అన్నిటికన్నా పాతది ముసలమ్మ. ఆ ఏడాదే వచ్చిన కొత్తది పెళ్ళికూతురు. దాన్ని నడిపే డ్రైవరుకు బట్టతల, నలుగురు పిల్లలు. అయినా అందరికీ ఆయన పెళ్ళికొడుకే. ఈ రెండు బస్సులనూ వదిన ఎప్పుడూ ఒకే జతగా కడిగేది. "అత్తాకోడళ్ళు పక్కపక్కన ఉంటేనే ఒకరి మీద ఒకరికి భయం ఉంటుంది" అనేది.

చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఇంకో పని ఉండేది. ఎవరికీ తెలియకుండా చేసేదేమీ కాదు. ఆ మూలకు వచ్చి చూసే ఓపిక ఎవరికీ లేదంతే. బస్సు కిందికి వంగి, ఇరుసు చివర అంటుకుని ఉన్న నల్ల బిళ్ళను పట్టి లాగేది. అయస్కాంతం కాబట్టి కాస్త మొండికేసి టక్కున ఊడొచ్చేది. రెండు బస్సుల బిళ్ళలూ ఒకే ప్లాస్టిక్ బుట్టలో వేసి, తడి తగలకుండా గట్టు మీద పెట్టేది. చక్రాలు తోమడం అయ్యాక ఒక్కో బిళ్ళనూ చీరచెంగుతో తుడిచి, మళ్ళీ చక్రానికొకటి అంటించేది.

ఆ బిళ్ళలు తెచ్చింది ఇంజనీరు పిల్ల. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ వీపున ఒక సంచి మోస్తూ ఉండేది. బిళ్ళల అసలు పేరు సెన్సర్లు. చక్రం లోపల బేరింగు అరిగిపోతుంటే అదురు పుడుతుంది, వేడి పుడుతుంది. మనిషికి తెలియకముందే అవి పసిగట్టి, తీగ లేకుండానే ఆఫీసులో ఉన్న తెరకు చేరవేస్తాయి. బండి దారిలో ఆగిపోకముందే, ఆగిపోబోతోందని చెప్పేస్తాయి. మొదటిరోజు ఆ పిల్ల అందరినీ నిలబెట్టి ఇదంతా వివరిస్తుంటే, వదిన చీపురు మీద గడ్డం ఆనించి శ్రద్ధగా విన్నది.

"అంటే తల్లీ, చక్రం కడుపులో ఉన్న మాట, దానికి తెలియకుండా మోసుకెళ్ళి ఆఫీసులో చెప్తాయి. అంతేనా?"

"అంతే పెద్దమ్మా. కరెక్టుగా చెప్పారు."

"దాన్ని మేం చాడీలు చెప్పడం అంటాం."

అందరూ నవ్వారు. ఆ పిల్ల అందరికన్నా ఎక్కువ నవ్వింది. అప్పటినుంచి అవి చాడీబిళ్ళలు. ఒకసారి పైవాళ్ళతో ఫోనులో మాట్లాడుతూ ఆ పిల్లే నోరు జారి అదే పేరు అనేసి నాలిక్కరుచుకుంది.

ఇక్కడ పనికొస్తాయని తేలితే మిగిలిన డిపోలకూ పెడతారు. ఆ పిల్ల ఉద్యోగం నిలుస్తుంది. తేలకపోతే పెట్టె సర్దుకోవాలి. ఈ సంగతి డిపోలో అందరికీ తెలుసు. వదిన సంగతీ అందరికీ తెలుసు. మేనేజరుగారు తన గదిలో గోడకు ఒక యంత్రం బొమ్మ అంటించుకున్నారు. పెద్ద పెద్ద బ్రష్షులు వాటంతటవే తిరుగుతూ బస్సును కడిగేసే యంత్రం. వదిన ఆ గది ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా దానికి నాలుక వెళ్ళబెట్టి వచ్చేది. కానీ తన వల్ల ఏదైనా తప్పు జరిగితే తన చోట్లోకి వచ్చేది అదేనని ఆవిడకు బాగా తెలుసు. మా ఆయన, అంటే ఆవిడ తమ్ముడు, పోయాక మా ఇంటి పొయ్యి ఆవిడ కూలితోనూ నా కుట్టుమిషనుతోనూ వెలిగేది.

ఆ రోజు మధ్యాహ్నానికి మరమ్మతు షెడ్డులో జనం మూగారు. ముసలమ్మ ఎడమ ముందు చక్రం పాడవుతోందని తెర చెప్పింది. మొన్న కూడా ఇలాగే కుడి వెనక చక్రం అంది. విప్పి చూస్తే బేరింగు నున్నగా, వెన్నముద్దలా ఉంది. ఇప్పుడూ అంతే. మెకానిక్కు మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మంచివాడే, కానీ నాలుక మీద కారం ఎప్పుడూ ఉంటుంది.

"అమ్మాయ్, మీ బిళ్ళకి ముసలమ్మంటే గిట్టదు. వయసు చూసి రోగం అంటగడుతోంది."

మేనేజరుగారు నవ్వలేదు. "రెండుసార్లు చక్రం ఊడదీయించారు. రెండుసార్లూ ట్రిప్పు పోయింది. సాయంత్రం దాకా చూస్తాను. తర్వాత మీవి మీరు తీసుకెళ్ళిపోండి" అని గదిలోకి వెళ్ళిపోయారు.

ఇంజనీరు పిల్ల తిన్నగా కడిగే చోటికి వచ్చింది. వదిన చేతిలోంచి పైపు తీసుకుని ముఖం మీద గుమ్మరించుకుంది. ఒకసారి, రెండోసారి.

"ఎంత పోసుకున్నా కంట్లో నీళ్ళు వేరేగా కనబడుతూనే ఉంటాయిలే. ఇలా కూర్చో" అంది వదిన.

ఆ పిల్ల గట్టు మీద కూర్చుని ఫోను చూపించింది. "చూడండి పెద్దమ్మా. ముసలమ్మ చక్రం ఊడదీసి నేలమీద పడేశారు. ఇది మాత్రం అది పరిగెడుతోందంటోంది. కాలిపోతోందంటోంది. ఊడిన చక్రం ఎక్కడైనా పరిగెడుతుందా? నాకే పిచ్చెక్కిందో, దీనికే పిచ్చెక్కిందో తెలియడం లేదు."

"ఇంకో బిళ్ళ పెట్టి చూడు. అన్నీ ఒకలాంటివేగా."

"చూడ్డానికే ఒకలాంటివి. దేని పేరు దానిది పెద్దమ్మా. ముసలమ్మది ముసలమ్మకే, ఆ చక్రానికే ఉండాలి. అన్నీ నా చేత్తో నేనే అంటించాను. వాటి జోలికి ఎవరు వెళ్తారు?"

వదిన చేతిలో బ్రష్షు ఆగిపోయింది. గట్టు మీద, ఆ పిల్ల మోచేతి పక్కనే, బుట్ట ఉంది. అందులో ఆ పూట కడుగుతున్న జత బిళ్ళలు, ఎనిమిదీ, ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా ఉన్నాయి. దేనిది ఏదో అడిగితే ఆ బ్రహ్మదేవుడూ చెప్పలేడు.

ఆ క్షణంలో ఏమనిపించిందని నేను తర్వాత అడిగాను. "ఏమనిపిస్తుందే, గోడ మీది యంత్రం గిర్రున తిరిగినట్టనిపించింది" అంది. అయినా ఆవిడ చేతులు కడుక్కుంది, చెంగుకు తుడుచుకుంది, ఆ పిల్ల ముందుకొచ్చి నిలబడింది.

"వాటి జోలికి వెళ్ళింది నేనే తల్లీ. రోజూ తీస్తా, బుట్టలో వేస్తా, కడిగాక మళ్ళీ పెడతా. ఏది ఎక్కడ పెట్టానో నాకు తెలియదు."

"తీస్తారా? ఎందుకు?"

"నీ వస్తువులు కదా, నీళ్ళు తగిలితే పాడైపోతాయేమోనని."

ఆ పిల్ల బుట్టలోంచి ఆ ముద్దను తీసి చూసింది. తర్వాత మెల్లగా, "అవి చెరువులో పడేసినా పాడవవు పెద్దమ్మా" అంది.

"ఆ ముక్క మొదటిరోజే చెప్పి ఏడవచ్చుగా!"

నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు. ముందుగా తేరుకున్నది వదినే. "ఆగాగు. ముసలమ్మ బిళ్ళ ఎక్కడికీ పోదు. జతలో ఉన్న రెండోదానికే పోతుంది. ముసలమ్మకు జత పెళ్ళికూతురు. అంటే కాలిపోతోంది కోడలి చక్రం!"

పెళ్ళికూతురు అప్పుడు ఆసుపత్రి కొండదారిలో ఉంది, నిండా జనంతో. పెళ్ళికొడుక్కి ఫోను చేస్తే మోగింది, మోగింది, ఆగిపోయింది. ఆయన బండి నడిపేటప్పుడు ఫోను సీటు కింద డబ్బాలో పెట్టి మూత వేసే మనిషి. ఆ మంచి బుద్ధి ఆ రోజు మాత్రం అక్కరకు రాలేదు.

మేస్త్రీకి చెప్తే ముందు నమ్మలేదు. "కొత్త బస్సుకి రోగమేంటక్కా? ఇంకా పసుపు ఆరలేదు దానికి."

"కొత్తవాళ్ళకి జబ్బులు రావని ఏ వైద్యుడు చెప్పాడురా? జీపు తియ్. నిజం కాకపోతే రేపట్నుంచి నీ చొక్కాలు కూడా నేనే ఉతుకుతా."

ఆ మాటకు మేస్త్రీ జీపు తీశాడు. వెళ్తూ వెళ్తూ ముసలమ్మకు చక్రం బిగించి వెనకాలే పంపమని షెడ్డులో కేకేశాడు. వదిన బూట్లతో, తడి చీరతో, చేతిలో బ్రష్షుతో ముందు సీట్లో ఎక్కింది. అన్నేళ్ళు బండ్లు కడిగిన మనిషి, ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. భయం భయంగా ఉండి కూడా, అద్దంలోంచి దారి తనకేసి పరిగెత్తుకొస్తుంటే బలే ఉందనిపించిందట. వెనక సీట్లో ఇంజనీరు పిల్ల ఫోను తెర చూస్తూ "పెరుగుతోంది, వేడి ఇంకా పెరుగుతోంది" అంటూనే ఉంది.

"నువ్వు ఊరుకో తల్లీ, నువ్వూ చాడీలు మొదలుపెట్టకు" అంది వదిన.

ఎక్కుడు మొదలయ్యే మలుపులో పెళ్ళికూతురు కనిపించింది. మేస్త్రీ హారను కొట్టాడు. పెళ్ళికొడుకు దారి ఇచ్చాడే తప్ప ఆగలేదు. జీపు పక్కకు రాగానే వదిన నడుం దాకా బయటికి వంగి, సబ్బు కారుతున్న బ్రష్షుతో డ్రైవరు తలుపు మీద టపటపా బాదింది. నురగ ఎగిరి ఆయన బట్టతల మీద పడింది. బస్సు ఆగింది.

"ఏంటక్కా, నడిచే బస్సుని కూడా కడుగుతావా?" అని అరుస్తూ దిగాడు పెళ్ళికొడుకు.

వదిన జీపు దిగింది. ఎవరిదో నీళ్ళ సీసా అడిగి పుచ్చుకుంది. జనం కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నారు. ముందు ఎడమ చక్రం నడిమధ్య నాలుగు చుక్కలు చిలకరించింది. ఏమీ లేదు. ముందు కుడి చక్రం. ఏమీ లేదు. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. వెనక కుడి చక్రం. చుక్కలు జారి దుమ్ములో పడ్డాయి. ఇంజనీరు పిల్ల కళ్ళు మూసుకుంది.

వెనక ఎడమ చక్రం మీద నీళ్ళు పడగానే, పెనం మీద పడ్డట్టు, సుయ్యిమని ఆవిరైపోయాయి.

"మళ్ళీ పొయ్యక్కా" అన్నాడు మేస్త్రీ. మళ్ళీ పోసింది. సుయ్యిమంది.

మేస్త్రీ కూర్చుని, చెయ్యి దగ్గర పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. లేచి బస్సులో ఉన్నవాళ్ళకేసి చూశాడు. కర్ర మీద గడ్డం ఆనించిన ముసలాయన, చంటిపిల్లతో తల్లి, చేతికి కట్టుతో కుర్రాడు. తర్వాత పైన కనిపిస్తున్న ఎక్కుడు వైపు, దాని అవతలి దిగుడు వైపు చూశాడు. "చాడీ చెప్తే చెప్పింది గానీ, నిజమే చెప్పింది" అన్నాడు.

ఇంజనీరు పిల్ల వదినను వాటేసుకుంది. సబ్బు, గ్రీజు, తడి అన్నీ ఆ పిల్ల తెల్ల చొక్కాకి అంటుకున్నాయి.

కాసేపటికి మలుపు తిరిగి ముసలమ్మ వచ్చింది, దగ్గుతూ, మూలుగుతూ. కోడలి జనాన్నంతా తనలో ఎక్కించుకుని కొండెక్కింది. "చూశారా, కష్టం వస్తే చివరికి అత్తే దిక్కు" అంది వదిన. పెళ్ళికొడుకు నెత్తిన నురగ తుడుచుకుంటూ ఆవిడకు దండం పెట్టాడు.

సాయంత్రం మేనేజరుగారి గదిలో అందరూ నిలబడ్డారు. బల్ల మీద నల్లగా మాడి, అంచుల్లో నీలం తిరిగిన బేరింగు ఉంది. ఇంజనీరు పిల్ల తప్పు తన మీద వేసుకోబోయింది. వదిన వేసుకోనివ్వలేదు.

"తీసింది నేనే సార్. కలిపింది నేనే."

"అసలు ఎందుకు తీశావమ్మా? ఎవరు తీయమన్నారు?"

"ఎవరో చెప్పాలా సార్? ముఖం కడుక్కునేటప్పుడు కళ్ళజోడు తీయరూ?"

మేనేజరుగారి చెయ్యి దానంతటదే ఆయన కళ్ళజోడు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ముందు మేస్త్రీ పకపకమన్నాడు. తర్వాత పెళ్ళికొడుకు. మేనేజరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆఖరికి తనూ నవ్వేశారు.

"యంత్రమైతే అడగకుండా ఏదీ తీయదు" అన్నారు.

"అడగకుండా తన తప్పు చెప్పదు కూడా సార్" అంది ఇంజనీరు పిల్ల.

ఆయన వదినకేసి తిరిగారు. "రేపట్నుంచి వాటిని ముట్టుకోకు" అన్నారు. వదిన "అలాగే సార్" అంది. అంటే రేపు కూడా పనుందని అర్థం.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పింది. చెప్పడం అంటే మామూలుగా కాదు. బ్రష్షు బదులు నా గరిటె పట్టుకుని, మంచం జీపు అనుకుని, నన్ను బట్టతల డ్రైవర్ని చేసి. నవ్వీ నవ్వీ నాకు పక్కలు పట్టేశాయి. అన్నం రెండుసార్లు చల్లారింది.

మర్నాడు వదిన మళ్ళీ బిళ్ళలు తీసింది. నీళ్ళకు పాడవవని తెలిసినా, కళ్ళజోడుతో ముఖం కడిగినట్టుంటుందని ప్రాణం ఒప్పుకోలేదట. ఇంజనీరు పిల్ల చూసి తల పట్టుకుంది. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, నా దగ్గర ముతక గుడ్డ ఒకటి అడిగి తీసుకుని, సుద్దముక్కతో గళ్ళు గీసింది. గడికొక బస్సు పేరు, పేరు కింద చక్రానికొక జేబు. నేను జేబులు కుట్టాను. సుద్ద అక్షరాల మీదుగా ఎర్రదారం నడిపాను. అవి ఏమిటో తెలియకుండానే కుట్టాను. అయ్యాక వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడిగితే ఆ పిల్ల "ము" అని చెప్పింది. నాకు తెలిసిన మొదటి అక్షరం అది. వదిన నేర్చుకోలేదు. "దారం వంకర చూస్తే చాలు, ఏది ఎవరిదో నాకు తెలుస్తుంది" అనేది. ఆ తర్వాత ఎప్పుడూ ఏదీ కలవలేదు. మిగిలిన డిపోలకూ బిళ్ళలు వెళ్ళాయి, ఆ పిల్ల కూడా వెళ్ళింది. వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే భోంచేసేది.

వదిన ఆ తర్వాత రెండు వానాకాలాలు పనిచేసింది. ఒక మధ్యాహ్నం జత కడిగి, అద్దాలు తుడిచి, బిళ్ళలన్నీ ఎక్కడివక్కడ అంటించి, ఎండ తగిలే చోట గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. బస్సు తీయడానికి వచ్చిన పెళ్ళికొడుకు, నిద్రపోతోందనుకుని, లేపడానికి మనసొప్పక ఇంజను ఆపేసి చాలాసేపు కాచుకున్నాడట. ట్రిప్పు ఆలస్యమైనా ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు.

ఇది రాసింది డిపో వెనక సందులో ఉండే కుట్టుమిషనావిడ. వయసు అరవై ఎనిమిది. అదే రెండు గదుల్లో, ఇప్పుడు ఒక్కదాన్నే. వదిన గుడ్డ డిపోవాళ్ళు తెచ్చిచ్చారు. కిటికీ పక్కన మేకుకు వేలాడుతోంది. ఖాళీ జేబుల నోళ్ళ దగ్గర ఆవిడ బొటనవేలి గ్రీజు అర్ధచంద్రాల్లా ఉంది, నేను ఉతకలేదు.